గంప అల్లిన కన్ను

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిరపకాయలు ఎత్తాలన్నా, పత్తి మోయాలన్నా ఒకప్పుడు గంపే ఆధారం. ఆ గంపలు అల్లినవారిలో మన ఎరుకలవారు ముఖ్యులు. వెదురు దబ్బలతో అల్లేవారిని దబ్బ ఎరుకలనీ, ఈత పుల్లలతో అల్లేవారిని ఈతపుల్లల ఎరుకలనీ పిలిచారు. పని పేరే వారి పేరైంది.

గంప ఒక పక్కకు ఒరిగి ఉంటే కొనేవారికి ఇట్టే తెలిసిపోతుంది. కొలబద్ద అక్కర్లేదు. అటూ ఇటూ ఒకేలా ఉండడాన్ని సౌష్ఠవం అంటాం. దాన్ని మనిషి కన్ను సెకనులో పదో వంతు చూపులోనే పట్టగలదని ప్రయోగాల్లో తేలింది. నిలువు గీతకు ఎడమా కుడీ ఉన్న పోలిక తేలిగ్గా కనబడుతుందనీ, కిందా మీదా ఉన్న పోలిక అంత తేలిగ్గా కనబడదనీ ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. మనుషుల ముఖాలూ, పశువుల ఒళ్లూ ఎడమా కుడీ పోలికతోనే ఉంటాయి కదా!

చూసేవారికి ఒక్క చూపు చాలు. అల్లేవారికి అది చాలదు. ఒకే దబ్బను పైకీ కిందికీ మారుస్తూ చుట్టూ అల్లుకుపోవాలంటే నిలువు పుల్లలు బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టు మొదటి చుట్టు మీదే పడుతుంది, అల్లిక బిగియదు. కంటికి సరిగా కనబడే గంప వెనుక బేసి లెక్క ఉంది. బడి మెట్టెక్కని అవ్వలకు కూడా ఆ లెక్క వచ్చు.

ఇంత లెక్క తెలిసిన జాతిని బ్రిటిష్ ప్రభుత్వం ఏమని రాసుకుంది? 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. పుట్టుకనే నేరమన్నారు. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, జనం నోట ఆ మాట ఇంకా పోలేదు.

వంకర గంపను క్షణంలో పట్టే కన్ను, మనిషిని కూడా క్షణంలోనే తేల్చేయాలనుకుంటుంది. అక్కడే పొరపాటు. మనిషిని తెలుసుకోవాలంటే అల్లినవారిలా పుల్లా పుల్లా లెక్కపెట్టాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో ఒక గంప పెట్టండి. పుల్లలు పిల్లల చేత లెక్కించండి. ఆ తర్వాత, దాన్ని అల్లినవారి చరిత్ర చెప్పండి.