శ్రీనివాస్ కొడాలి: డిజిటల్ హక్కులు, బహిరంగ పాలన

ప్రభుత్వపు లెక్కలు ప్రజలకు తెరచి ఉండవలెను, ప్రజల సొంత వివరములు మూసి ఉండవలెను. హైదరాబాదుకు చెందిన శ్రీనివాస్ కొడాలి వాదమునకు మూలము ఇదే. మద్రాసు ఐఐటీలో సివిల్ ఇంజినీరింగు చదివిన ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ కార్యకర్తగా, ప్రభుత్వ డేటాపై పరిశోధకునిగా పేరు పొందినారు. ఆచరణలో ఈ సూత్రము తలక్రిందులైనదని ఆయన సాక్ష్యములతో చూపుట వలననే ఈ పేరు దేశమంతటా వినవచ్చినది.

సమాచార హక్కునకు దేశములో మొట్టమొదట రాష్ట్ర చట్టము చేసినది తమిళనాడే. అది 1997 నాటి మాట. కేంద్ర చట్టము 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. ఎవరూ అడుగకమునుపే కార్యాలయములు తమ సమాచారమును తామే ప్రకటింపవలెనని ఆ చట్టములోని 4వ సెక్షన్ చెప్పుచున్నది. 2012లో కేంద్రము డేటా పంపిణీ విధానమును కూడ ప్రకటించినది.

ఇక 2017 మే నెల. బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, కొడాలి కలిసి ఒక నివేదిక వెలువరించినారు. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లను పరిశీలింపగా, సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు, 10 కోట్ల బ్యాంకు ఖాతా సంఖ్యలు ఎవరైనను చూడగలుగునట్లు ఉండి ఉండవచ్చునని వారు అంచనా వేసినారు. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువి: ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, మరియొకటి చంద్రన్న బీమాది. ఎవరో దొంగతనముగా చొరబడి తీసినవి కావు ఇవి. పారదర్శకత పేరుతో కార్యాలయములే పెట్టినవి. ఆధార్ ప్రాధికార సంస్థ ఈ నివేదికపై వివరణ కోరుచు ఆ సంస్థకు లేఖ వ్రాసినది.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపవలెను. ఉపాధి హామీలో ఎవరు ఎన్ని రోజులు పని చేసినారు, ఎంత కూలి పొందినారు అన్నది బహిరంగముగా ఉండుట మేలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి జరిగిన సామాజిక తనిఖీలలో మస్టర్లను ఊరి వారి ఎదుటనే చదివి వినిపించెడివారు. చేయని పనికి వ్రాసిన దొంగ పేర్లు అట్లే బయటపడినవి. కాని కూలివాని ఖాతా సంఖ్య, ఆధార్ సంఖ్య ప్రకటించినందువలన ఏ దొంగ పేరు బయటపడును? మోసగానికి మాత్రము దారి దొరకును.

మరుసటి ఏడు, 2018 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల వివరములు బట్టబయలుగా ఉన్నవని కొడాలి ఎత్తి చూపినారు. ఆధార్, బ్యాంకు వివరములతో పాటు కులము, మతము కూడ అందులో ఉండెను. కలహములు రేగిన ఊరిలో ఇట్టి పట్టిక ఎవరి చేత పడునో ఊహింపవచ్చును.

ఓటర్ల జాబితా విషయములోనూ ఆయన ప్రశ్న ఇట్టిదే. 2015లో ఓటరు కార్డును ఆధార్‌తో జతచేయు కార్యక్రమము ప్రారంభమై, సుప్రీంకోర్టు ఆదేశము తరువాత అదే ఏడు ఆగస్టులో నిలిచిపోయినది. 2018 డిసెంబరు 7న తెలంగాణ పోలింగు నాడు అనేకులు తమ పేర్లు జాబితాలో లేవని తెలిసి వెనుదిరిగినారు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పినారు. పేర్లు తొలగించుటకు వాడిన సాఫ్ట్‌వేర్ ఏది, అది ఏ నియమముతో పని చేసినది అన్న సంగతి బయట పెట్టవలెనని కొడాలి హైకోర్టుకు ఎక్కినారు. ఓటరు వివరములు యంత్రమునకు తెలియును, యంత్రపు వివరములు ఓటరుకు తెలియవు.

జతచేయుట వలన నకిలీలు తొలగునన్నది ప్రభుత్వపు వాదన. అది పూర్తిగా త్రోసిపుచ్చదగినది కాదు. 2017 ఆగస్టు 24న గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన సుప్రీంకోర్టే, 2018 సెప్టెంబరు 26న సంక్షేమ పథకములకు ఆధార్ వాడకమును సమర్థించినది. అయితే 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టము సమాచార హక్కు చట్టములోని 8(1)(జె) నిబంధనను మార్చినది. ఆ మార్పు 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. మునుపు ప్రజాకార్యముతో సంబంధము లేని వ్యక్తిగత సమాచారమును మాత్రమే నిరాకరింపవచ్చును. ఇపుడు వ్యక్తిగత సమాచారమన్న ఒక్క మాట చాలును. ప్రజాప్రయోజనమును బట్టి ఇచ్చుటకు 8(2) ఇంకను ఉన్నది గాని, అది అధికారి విచక్షణపై ఆధారపడినది.

తాయిల్పట్టి వారికి ఇది దూరపు సంగతి కాదు. శివకాశి, సాత్తూరు, వెంబకోట్టై ప్రాంతపు బాణసంచా షెడ్లలో మన ఇండ్ల వారే పని చేయుచున్నారు. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో, 2021 ఫిబ్రవరి 12న అచ్చన్‌కుళంలో జరిగిన ప్రేలుళ్లు మరచునవి కావు. అచ్చన్‌కుళం తరువాత, లైసెన్సు ఒకరి పేర, తయారీ మరికొందరి చేతిలో ఉండు ఉపకౌలు పద్ధతి చర్చకు వచ్చినది. చిన్న పరిమాణపు తయారీకి జిల్లా మేజిస్ట్రేటు, పెద్దవాటికి కేంద్ర ప్రేలుడు పదార్థముల సంస్థ లైసెన్సు ఇచ్చుదురు. ఏ షెడ్డుకు ఎవరి పేర లైసెన్సు ఉన్నది, కడపటి తనిఖీ ఎన్నడు జరిగినది, ఏ లోపము వ్రాసినారు అన్నవి అడుగదగిన ప్రశ్నలు. లైసెన్సుదారుని పేరు వ్యక్తిగతమని త్రోసివేసిన యెడల మొదటి అప్పీలు చేయవచ్చును. గడువు 30 రోజులు. దాని తరువాత 90 రోజులలోగా, రాష్ట్ర కార్యాలయమైన చెన్నైలోని రాష్ట్ర సమాచార కమిషనుకు, కేంద్ర సంస్థ అయిన ఢిల్లీలోని కేంద్ర కమిషనుకు పోవలెను.

దరఖాస్తు రుసుము 10 రూపాయలు. కారణము చెప్పనక్కరలేదు. జవాబునకు గడువు 30 రోజులు, ప్రాణమునకు సంబంధించినదైన 48 గంటలు. దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేక ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండవలెనని 6వ సెక్షన్ చెప్పుచున్నది. కాబట్టి ఇచ్చటి తెలుగువారు తమిళము, ఇంగ్లీషు, హిందీలలో ఏదో ఒకదానిలో వ్రాయవలసి వచ్చును. వ్రాయలేనివారు నోటితో చెప్పిన యెడల, దానిని వ్రాతలో పెట్టుటకు సమాచార అధికారి తోడ్పడవలెనన్నది కూడ ఆ సెక్షన్‌లోనే ఉన్నది.