అల్ట్రాసోనిక్ సెన్సర్, ఆర్డ్వినో

మనిషి చెవికి అందని ధ్వనిని వదిలి, అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగివచ్చేందుకు పట్టిన కాలాన్నిబట్టి దూరాన్ని లెక్కకట్టే పరికరం అల్ట్రాసోనిక్ సెన్సర్. ఆర్డ్వినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుతో ఎల్‌ఈడీ వెలిగించడం నేర్చినవారు తరచు తర్వాత పట్టుకునేది ఇందులో హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే రకం.

గబ్బిలాలు చీకట్లో చెవుల సాయంతో దారి కనుక్కుంటాయని 18వ శతాబ్ది చివర ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజానీ ప్రయోగాలు సూచించాయి. తర్వాత ధ్వనిని పట్టే సాధనాలకు ఆధారమైన గుణం వేరొకటి: క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు చూపారు.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగింది. కొద్ది రోజులకే లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ప్రతిధ్వనితో అడ్డంకులను పసిగట్టే పద్ధతికి ఇంగ్లండులో పేటెంటు కోరాడు. చేసి చూపినవాడు రెజినాల్డ్ ఫెసెండెన్. 1914 ఏప్రిల్ 27న ‘మయామి’ నౌక మీద ఉండి, దాదాపు రెండు మైళ్ల దూరాన ఉన్న మంచుకొండ నుంచి ప్రతిధ్వని అందుకున్నాడు; అయితే ఆయన వాడినది చెవికి వినిపించే ధ్వనే. మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో వెతుకులాట మంచుకొండల నుంచి జలాంతర్గాముల మీదికి మళ్లింది. 1915లో రష్యన్ ఇంజనీరు కాన్‌స్టాంటిన్ చిలోవ్‌స్కీ ఇచ్చిన ఆలోచనను పియర్ క్యూరీ శిష్యుడు పాల్ లాంజెవాన్ అందుకుని, పారిస్‌లో సేన్ నదిలో ప్రయోగాలు మొదలుపెట్టాడు. క్వార్ట్జ్‌ను రెండు ఉక్కు పలకల మధ్య ఇరికించి ఆయన 1917లో చేసిన సాధనం ముచ్చటైనది: ధ్వనిని పుట్టించేదీ, తిరిగొచ్చినదాన్ని పట్టేదీ అదే. అది పనిచేసింది సుమారు 40 కిలోహెర్ట్జ్ వద్ద. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 పనిచేసేదీ అక్కడే.

తర్వాతి ఆరు దశాబ్దాల్లో ఈ విద్య ఓడలకు, ఆసుపత్రులకు, కర్మాగారాలకు పాకింది.

1978లో పోలరాయిడ్ తన ఎస్‌ఎక్స్-70 కెమెరాకు ఫోకస్ కుదిర్చేందుకు అతిధ్వని సెన్సర్‌ను అమర్చింది. దాన్ని విడిగా కూడా అమ్మడంతో రోబోలు చేసుకునేవారు ఎగబడ్డారు. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణపు డిజైన్ విద్యాసంస్థలో మాసిమో బాంజీ బృందం ఆర్డ్వినోను రూపొందించింది; అక్కడి విద్యార్థి హెర్నాండో బర్రగాన్ అంతకుముందు చేసిన ‘వైరింగ్’ దీనికి పునాది, ఆ సంగతి చాలామంది చెప్పరు. ఆర్డ్వినోలో ఊనో అనే బోర్డు 2010లో వచ్చింది.

హెచ్‌సీ-ఎస్‌ఆర్04కు నాలుగు పిన్నులు: వీసీసీ, ట్రిగ్, ఎకో, గ్రౌండ్. ట్రిగ్‌కు 10 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే, ‘టీ’ అని రాసి ఉన్న డబ్బా ఎనిమిది తరంగాలు వదులుతుంది. ‘ఆర్’ డబ్బా ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. పోయిరావడానికి పట్టినంతసేపూ ఎకో పిన్ను 5 వోల్టుల వద్ద నిలుస్తుంది. ఊనోలో పల్స్‌ఇన్ ఫంక్షన్ ఆ కాలాన్ని మైక్రోసెకన్లలో ఇస్తుంది. 58తో భాగిస్తే సెంటీమీటర్లు. చెప్పుకునే పరిధి 2 నుంచి 400 సెంటీమీటర్లు. ఏటవాలు గోడ ధ్వనిని పక్కకు పంపేస్తుంది, పరుపూ దుప్పటీ మింగేస్తాయి. 3.3 వోల్టుల బోర్డులకైతే ఎకోను నేరుగా కలపకూడదు, మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి వోల్టేజీ తగ్గించాలి.

58 అనే అంకె దాదాపు 20 డిగ్రీల గాలికి సరిపోతుంది. వేడెక్కిన గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది కనుక, రామగుండం మే నెల ఎండలో 40 డిగ్రీలు దాటినప్పుడు మీటరు దూరాన ఉన్న గోడను సెన్సర్ సుమారు 97 సెంటీమీటర్లని చూపుతుంది. పక్కనే ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి పెట్టి, భాగించే అంకెను దాన్నిబట్టి మారిస్తే ఈ తేడా పోతుంది.