పోపుల డబ్బాలో పది రూపాయలు

1965లో నాకు తొమ్మిదేళ్లు. పాకిస్తాన్‌తో యుద్ధం, దానికి తోడు వానల్లేక తిండిగింజలకి కటకట. ఆ రోజుల్లో ఓ సోమవారం సాయంత్రం మా అమ్మ పొయ్యి ముట్టించలేదు. "ప్రధానమంత్రిగారు వారానికో పూట భోజనం మానెయ్యమన్నారు" అని మా నాన్నగారు రేడియో కట్టేసి మరీ ప్రకటించారు. ప్రకటించడం ఆయన వంతు, పిల్లల్ని పస్తు పడుకోబెట్టడం అమ్మ వంతు. మా తమ్ముడు రాగం తీస్తూంటే చేతిలో ఇంత బెల్లంముక్క పెట్టి, "శాస్త్రిగారికి చెప్పకురా" అంది.

ఢిల్లీలో వాళ్లింట్లో ఆ పిల్లల్ని ఎవరు ఊరుకోబెట్టారో నాకప్పుడు తోచలేదు. చాలా ఏళ్ల తరవాత చదివాను. దేశానికి చెప్పే ముందు లాల్ బహదూర్ శాస్త్రిగారు తన భార్యకే చెప్పారట, "ఇవాళ రాత్రికి వంట చెయ్యకు, పిల్లలు ఓర్చుకోగలరేమో చూద్దాం" అని. ఆవిడ పేరు లలితాదేవి.

మీర్జాపూర్ పిల్ల. పెళ్లి 1928లో. కట్నం కింద ఆయన పుచ్చుకున్నది ఒక రాట్నం, కొన్ని గజాల ఖద్దరు. కట్నాల గొడవలు చూసిచూసి ఉన్న మనకి ఈ ముక్క వింటే ప్రాణం లేచొస్తుంది. అలాగని తొందరపడి, ఎంత అదృష్టవంతురాలో అనెయ్యకండి. ఆయన ఏళ్ల తరబడి జైళ్లలోనే గడిపారు. అక్కడ కూర్చుని మేడం క్యూరీ జీవితాన్ని హిందీలోకి అనువదించారట! ఇంట్లో లలితాదేవిగారికి మాత్రం పిల్లలతోనే సరి. ఓసారి కూతురికి జబ్బు చేస్తే ఆయన్ని పదిహేను రోజులకి వదిలారు. పిల్ల దక్కలేదు. గడువు ఇంకా ఉండగానే ఆయన తిరిగి జైలుకి వెళ్లిపోయారు.

లాలా లజపతిరాయ్ పెట్టిన లోకసేవక మండలం వాళ్లు ఆ ఇంటికి నెలకి యాభై రూపాయలు పంపేవారు. డబ్బు వేళకి అందుతోందా, సరిపోతోందా అని జైలు నుంచి ఈయన ఉత్తరం రాశారట. నలభైతో సరిపెట్టుకుంటున్నాను, పది మిగులుతున్నాయి అని ఆవిడ జవాబు. వెంటనే ఆయన మండలం వాళ్లకి రాసేశారు, మా ఇంటికి నలభై చాలు, ఆ పదీ ఇంకెవరికైనా ఇవ్వండి అని.

ఈ కథని అందరూ ఆయన గొప్పతనానికి చెబుతారు. నాకు మాత్రం ఆ పది రూపాయలు మింగుడుపడలేదు. పోపుల డబ్బాలో పదో పరకో దాచని వాళ్లు మనలో ఎవరు? దాచిన సంగతి మొగుడికి ఉత్తరంలో రాసిన అమాయకురాలు ఆవిడొక్కతే అయి ఉంటుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన లెక్క తప్పు కాదు. అవతల ఇంకో కార్యకర్త ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. తప్పు కాదు గనకే ఆవిడకి పోట్లాడే వీలు కూడా లేకపోయింది.

1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదంలో వందమందికి పైగా పోయారు. రైల్వేమంత్రిగా ఆయన రాజీనామా ఇస్తే నెహ్రూగారు ఒప్పుకోలేదు. నాలుగు నెలలు తిరక్కుండానే అరియలూరులో ఇంకోటి. ఈసారి పట్టుబట్టి పదవి వదిలేశారు. దేశమంతా మెచ్చుకుంది. జీతం తగ్గాక ఆ ఇంట్లో ఏ కూర మానేశారో ఎవరూ అడిగినట్టు లేదు.

ప్రధానమంత్రి అయ్యాక పిల్లల పోరు పడలేక ఫియట్ కారు కొన్నారు. ఖరీదు పన్నెండు వేలు, చేతిలో ఉన్నవి ఏడు. మిగతా అయిదు వేలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు. అది తీరకుండానే 1966 జనవరి 11న, ఒప్పందం మీద సంతకం చేసిన మర్నాడు తెల్లవారకముందే, తాష్కెంట్‌లో పోయారు. ఆ అప్పుని లలితాదేవిగారు తన పెన్షన్‌లోంచి తీర్చారు. 1993 దాకా ఉన్నారావిడ.

ఆ కారు ఢిల్లీలో, ఆయన స్మారక మందిరంలో ఉంది. నేను వెళ్లినరోజున ఒకాయన తన కొడుక్కి చూపిస్తున్నాడు, "ఇది శాస్త్రిగారి కారు" అని. నేనూరుకోలేక మా మనవరాలితో కాస్త గట్టిగానే అన్నాను, "బాకీ కట్టింది మామ్మగారే" అని.