ఆజ్ఞ - అపరాధము: మైలాయ్ విచారణ

యుద్ధములో శత్రువును కూల్చిన సైనికుని లోకము వీరుడని మెచ్చుకొనును. ఆ సైనికుడే నిరాయుధులైన స్త్రీలను, వృద్ధులను, పసిపిల్లలను కాల్చి చంపినచో అతనిని ఏమనవలెను? హంతకుడని మనము వెంటనే అందుము. ఇంట కూర్చుండి ఆ మాట అనుట సులభము. న్యాయస్థానములో, సాక్ష్యముతో, అతని సొంత దేశమువారే ఋజువు చేసి అనుట మాత్రము మిక్కిలి కష్టము. అది ఎంత కష్టమో, అయినను ఎందుకు చేయదగినదో తెలిసికొనుటకు వియత్నాం యుద్ధకాలమునాటి ఒక విచారణను ఇచట స్మరింతము.

1968 మార్చి 16వ తేదీ ఉదయము. దక్షిణ వియత్నాంలో క్వాంగ్ న్గాయ్ అను మండలమున సోన్ మీ అను గ్రామమున్నది. అందులోని ఒక పల్లెను అమెరికా సైనికులు తమ పటములలో మైలాయ్ అని గుర్తించుకొన్నారు. సుమారు నూరుమంది గల ఒక పదాతి దళము హెలికాప్టర్లలో వచ్చి ఆ పల్లె చెంత దిగినది. అక్కడ గెరిల్లాల పటాలమొకటి దాగియున్నదని పై అధికారులు వారికి చెప్పియుండిరి. తీరా చూడగా అక్కడ ఉన్నవారు ఉదయపు వంటలలో మునిగియున్న పల్లెజనము. వారి వైపునుండి ఒక్క గుండు కూడ ఎదురు రాలేదు. అయినను కాల్పులు ఆగలేదు. జనమును గుంపులుగా పోగుచేసి కాల్చినారు. పల్లెకు తూర్పున నున్న కాలువలోనికి దింపి కాల్చినారు. సుమారు నాలుగు గంటలసేపు ఇది సాగినది. మృతులు 347 మంది అని తరువాత అమెరికా సైన్యము జరిపిన దర్యాప్తు లెక్కకట్టినది. సోన్ మీలోని స్మారకము 504 మంది అని చెప్పుచున్నది. ఆ దినమున దళములో గాయపడినవాడు ఒక్కడే. అతని పాదమునకు తగిలినది కూడ అతని తుపాకి గుండే.

ఇక సైన్యము ఆనాడు ప్రకటించినదేమి? 128 మంది శత్రువులు హతులైనారనియు, మూడు తుపాకులు పట్టుబడినవనియు. అంతమంది సాయుధులు పడిన చోట మూడే తుపాకులు దొరకుట ఎట్లు? ఈ చిన్న లెక్క ఎవరికైనను సందేహము కలిగింపదగినది. అయినను ఒక సంవత్సరమునకు పైగా ఆ ప్రకటనయే చరిత్రగా చెల్లినది.

అందరును మౌనము వహింపలేదు. ఆ ఉదయము హ్యూ థాంప్సన్ అను యువ పైలట్ ఒక చిన్న హెలికాప్టరులో పల్లె మీద తిరుగుచు క్రింద జరుగుచున్నది చూచినాడు. ప్రాణభీతితో దాగుకొన్న గ్రామస్థులకును, వారి వైపు వచ్చుచున్న తన దేశపు సైనికులకును నడుమ తన హెలికాప్టరును దింపినాడు. మనవారు ఈ జనము మీద కాల్చినచో మీరు మనవారి మీదనే కాల్చుడని తన ఇద్దరు సహచరులతో చెప్పి, ఆ గ్రామస్థులను వేరు హెలికాప్టర్లలో దాటించినాడు. కాలువలో శవముల నడుమ కదలుచున్న ఒక బిడ్డను ఆసుపత్రికి చేర్చినాడు. తిరిగి వచ్చి పై అధికారులకు ఫిర్యాదు చేసినాడు. ఆ ఫిర్యాదు పై అంతస్తులలో అణగిపోయినది.

మరుసటి సంవత్సరము రాన్ రైడెన్‌హవర్ అను మాజీ సైనికుడు దానిని తిరిగి లేవనెత్తినాడు. అతడు ఆనాడు మైలాయ్‌లో లేడు. తోటి సైనికులు చెప్పగా విన్న సంగతులను కూర్చి, 1969 మార్చిలో అధ్యక్షునికి, శాసనసభ్యులకు, రక్షణశాఖకు ఉత్తరములు వ్రాసినాడు. దర్యాప్తు ఆరంభమైనది. ఆ సెప్టెంబరులో లెఫ్టినెంటు విలియం కాలీ మీద హత్యాభియోగము మోపబడినది. నవంబరులో సేమూర్ హెర్ష్ అను పాత్రికేయుడు ఈ వృత్తాంతమును లోకమునకు వెల్లడించినాడు. సైన్యపు ఛాయాగ్రాహకుడు రొనాల్డ్ హేబర్లీ తన సొంత కెమెరాతో తీసిన చిత్రములు పత్రికలలో వచ్చిన తరువాత కాదనుటకు తావు లేకపోయినది.

ఇక న్యాయశాస్త్రపు చిక్కులు మొదలైనవి. సైన్యము విడిచి పౌరులైనవారిని సైనిక న్యాయస్థానము విచారింపరాదని అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1955లోనే నిర్ణయించియున్నది. కావున అప్పటికే ఇండ్లకు చేరిన అనేకులు ఈ విచారణకు అందలేదు. రెండవ చిక్కు మరింత విచారకరము. అభియోగపత్రములో వ్రాయుటకు మృతుల పేర్లు కూడ ప్రభుత్వపక్షమునకు తెలియవు. పేరు తెలియని మనుష్యులు ఇందరికి తక్కువ కాకుండ చంపబడినారని మాత్రమే వ్రాయగలిగినారు.

1970 నవంబరు 17న జార్జియా రాష్ట్రములోని ఫోర్ట్ బెన్నింగ్‌లో కాలీ విచారణ ఆరంభమైనది. తీర్పరులు ఆరుగురును సైనికాధికారులు. అందులో ఐదుగురు వియత్నాంలో పనిచేసి వచ్చినవారు. ప్రభుత్వపక్షమున వాదించినవాడు ఆబ్రీ డేనియల్ అను యువ కెప్టెను. కాలీ దళములోని సైనికులే సాక్షులుగా వచ్చినారు. అందొకడు మొదట నోరు విప్పనని, తన మీద కేసు ఉండదన్న హామీ పొందిన పిమ్మట చెప్పినాడు.

తాను జరిపించినది కాలీ పూర్తిగా కాదనలేదు. పై అధికారి కెప్టెను మెడీనా ఆజ్ఞ ఇచ్చెననియు, ఆజ్ఞ పాటించుట సైనికధర్మమనియు అతని వాదము. అట్టి ఆజ్ఞ తాను ఇయ్యలేదని మెడీనా చెప్పినాడు. అప్పుడు న్యాయాధిపతి తీర్పరులకు చెప్పిన సూత్రము మనము గుర్తుంచుకొనదగినది. ఆజ్ఞ ఉన్నదని అనుకొన్నను, అది చట్టవిరుద్ధమని సామాన్యమైన తెలివి గల మనుష్యుడు గ్రహింపగలిగినచో, దానిని పాటించితినని చెప్పి తప్పించుకొనరాదు. దీనికి న్యాయశాస్త్ర పాండిత్యము అక్కరలేదు. చేతులెత్తి నిలిచిన తల్లిని, ఆమె చంకలోని బిడ్డను చంపవచ్చునా అన్నది ఏ పల్లెవానిని అడిగినను చెప్పును.

తీర్పరులు పదమూడు దినములు ఆలోచించినారు. 1971 మార్చి 29న, ఇరువది ఇద్దరికి తక్కువ కాకుండ హత్య చేసినాడని నిర్ణయించినారు. శిక్ష యావజ్జీవ కఠిన కారాగారవాసము.

దేశమున ఆగ్రహము పెల్లుబికినది. అయితే అది హతుల కొరకు కాదు, ముద్దాయి కొరకు. తీర్పును నిరసించుచు అధ్యక్షభవనమునకు టెలిగ్రాములు వెల్లువెత్తినవి. కాలీని కీర్తించు పాట యొకటి గ్రామఫోను రికార్డుగా విశేషముగా అమ్ముడుపోయినది. మూడవనాడే అధ్యక్షుడు నిక్సన్ అతనిని చెరసాలనుండి తన నివాసమునకు మార్పించినాడు. ఇది న్యాయమును కించపరచుట యని ఆబ్రీ డేనియల్ అధ్యక్షునికే ఉత్తరము వ్రాసినాడు. శిక్ష ఇరువది ఏండ్లకు, తరువాత పదేండ్లకు తగ్గినది. సుమారు మూడున్నర సంవత్సరములు, అందు అధికభాగము గృహనిర్బంధము, అనుభవించి 1974లో కాలీ విడుదలైనాడు. ఈ వ్యవహారములో సుమారు పాతికమంది మీద అభియోగములు రాగా, నేరస్థుడుగా తేలినవాడు అతడొక్కడే. మెడీనా కూడ నిర్దోషి యని విడువబడినాడు.

అట్లయిన ఈ విచారణ వలన ప్రయోజనమేమి? మన దేశమున జరిగిన ఒక సంగతితో పోల్చి చూతము. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిపించిన డయ్యరును ఏ నేరవిచారణకును నిలుపలేదు. పదవి మాత్రము తప్పించినారు. అతని కొరకు ఇంగ్లండులో 26,000 పౌనులకు పైగా చందా పోగైనది. ఆ పని నేరమని ఏ న్యాయస్థానమును ముద్ర వేయలేదు. మైలాయ్ విషయమున జనము కాలీని వీరుడన్నను, అధికారము శిక్షను కరిగించినను, ఆ ఒక్క ముద్రను చెరుపలేకపోయినవి. 128 మంది శత్రువులన్న అబద్ధపు ప్రకటన స్థానమున, ప్రమాణము చేసి సైనికులు చెప్పిన సాక్ష్యము నిలిచినది.

1998లో అమెరికా సైన్యము థాంప్సన్‌కును, అతని ఇద్దరు సహచరులకును పతకములిచ్చి గౌరవించినది. ఒకరికి మరణానంతరమే ఆ గౌరవము దక్కినది. 2009లో కాలీ ఒక సభలో తన పశ్చాత్తాపమును వెల్లడించినాడు. 2024లో మరణించినాడు. శిక్ష అనుభవించుట ముద్దాయి వంతు. జరిగినదానిని జరిగినట్లు ఒప్పుకొనుట దేశము వంతు. మొదటిది మైలాయ్ విచారణలో సగములోనే ఆగిపోయినది. రెండవదానికి దారి తెరచినవారు, తమ వారని చూడక సాక్ష్యము చెప్పిన ఆ కొలదిమంది. వారి ఋణమును మనము మరువరాదు.