చిన్ని విమానపు పెట్రోలు యంత్రము: దాని పుట్టుక, దాని వైద్యము

కరెంటు పంపులు రాకపూర్వము బావిగట్టున నూనె ఇంజను నడిపించినవారు మీలో ననేకులు కలరు. నాట్లవేళ నది మొరాయించినచో ఇంటిల్లిపాదికిని నిద్ర యుండెడిది కాదు. అట్టి ఇంజనును అరచేతిలో నిముడునంత చిన్నదిగా జేసి, బొమ్మ విమానము ముక్కునకు తగిలించిన నెట్లుండునో యూహింపుడు. అమెరికా దేశమున నట్టి యంత్రములు ఒకప్పుడు వేలకొలదిగా అమ్ముడుపోయెను. అవి యెట్లు పుట్టినవో, అవి కదలనప్పుడు కొన్నవాడేమి చేసెనో, అమ్మినవాడేమి చేసెనో నేడు మనవి చేసెదను. ఇది యాటవస్తువు కథయే యైనను, ఇందు పెద్దలు తీర్పు చెప్పదగిన తగవొకటి కలదు.

మనుష్యుడు పెట్రోలు విమానమెక్కి యెగురుటకు ముందే బొమ్మ విమానము పెట్రోలుతో నెగిరెను. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు కార్యదర్శిగా నుండిన శామ్యూల్ లాంగ్లీ 1896లో ఆవిరియంత్రముగల బొమ్మ విమానము నెగురవేసెను. పిమ్మట, తాను కట్టదలచిన పెద్ద విమానములో నాలుగవవంతు కొలతగల బొమ్మకు పెట్రోలు యంత్రమమర్చి 1901లో నొకసారి, 1903 ఆగస్టులో మరియొకసారి ఎగురవేసెను. బొమ్మ యెగిరెను గాని, ఆ 1903లోనే అక్టోబరు, డిసెంబరు మాసములలో మనుష్యుడెక్కిన పెద్ద విమానము రెండుసార్లును పోటోమాక్ నదిలో కూలిపోయెను. రెండవసారి కూలిన తొమ్మిది దినములకే రైటు సోదరు లెగిరి చూపిరి. ఇంగ్లండులో డేవిడ్ స్టాంగర్ అనునతడు 1914లో తన పెట్రోలు బొమ్మను 51 సెకండ్లు గాలిలో నిలిపెను. ఆ దేశమున నా లెక్కను మించుటకు 1932 దాక పట్టెను.

ఇంత యాలస్యమేల యనగా, పెట్రోలు తనంతట తాను మండదు. దానికి నిప్పురవ్వ కావలయును. రవ్వకు బ్యాటరీ, కాయిల్, కండెన్సరు, పాయింట్లు, ప్లగ్గు కావలయును. ఇవన్నియు కలసి యంత్రముతో పోల్చదగిన బరువు తూగెడివి. బొమ్మ విమానపు రెక్కలు సన్నని కఱ్ఱపుల్లలు, పలుచని కాగితము. ఆ రెక్కలు మోయగలిగినంత తేలికగా యంత్రమును జేయుటయే చిక్కు.

ఆ చిక్కును విప్పినవాడు ఫిలడెల్ఫియా నగరపు యువకుడు బిల్ బ్రౌన్. అతడు చేసిన యంత్రమును మాక్స్వెల్ బాసెట్ అను మరియొక యువకుడు తన విమానమునకు తగిలించి, 1933లో న్యూయార్కు చెంతనున్న రూజ్వెల్ట్ ఫీల్డున జరిగిన జాతీయ పోటీలకు గొనిపోయెను. అక్కడ తక్కినవారు చాలమట్టుకు రబ్బరు పట్టీని మెలిపెట్టి ఎగురవేయువారే. బాసెట్ ఆరుబయట జరిగిన ముఖ్యమైన పోటీలను గెలుచుకొనెను. రబ్బరుతో పెట్రోలు పోటీపడుట న్యాయము గాదని పెద్దలు తలచి, పెట్రోలు విమానములకు వేరే తరగతి నేర్పరచిరి. 1934లో బ్రౌన్ జూనియర్ అను పేర ఆ యంత్రము బజారునకు వచ్చెను. దాని సిలిండరు లోపలి కొలత రమారమి 10 ఘన సెంటీమీటర్లు. వెల 20 డాలర్లకు పైబడినది.

అది యెట్టి కాలమో గమనింపవలెను. ఆర్థికమాంద్యము ఆ దేశమును పీడించుచుండెను. 1933లో పనివారిలో రమారమి నాలుగవవంతు మందికి పనిలేదు. అట్టి దినములలో ఇరువది డాలర్లనగా బాలునికి నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము. పత్రికలు పంచి, పచ్చిక కోసి, పైసపైస చేర్చి మనియార్డరు పంపిన బాలునికి తపాలాలో చిన్న పెట్టె వచ్చును. యంత్రమును బల్లకు బిగించి, తీగలు కలిపి, పంఖాను వ్రేలితో త్రిప్పును. నూరుసార్లు త్రిప్పినను అది పలుకదు. వ్రేలు వాచును, కన్నీరు వచ్చును. "నన్ను మోసగించినా"రని యుత్తరము వ్రాయును.

తగవిక్కడనే యున్నది. యంత్రము చెడ్డదా? నడుపుట చేతగాలేదా? అమ్మినవాడు వందల మైళ్ల దూరమున నున్నాడు, కంటితో చూడజాలడు. కొన్నవాడు బాలుడు, యంత్రమెరుగడు. మంచి తయారీదారులు దీనికి కనుగొన్న యుపాయము మూడు విధములు. యంత్రమును కార్ఖానాలో నడిపి చూచిన పిమ్మటనే పెట్టెలో పెట్టుట యొకటి. నడుపు విధమును, చిక్కువచ్చినప్పుడు చూడవలసిన వరుసను తెలుపు కరపత్రము నందుంచుట రెండవది. అప్పటికిని లొంగనిచో తిరిగి పంపించుకొని బాగుచేసి యిచ్చుట మూడవది. "దయచేసి మీరు విప్పకుడు" అను హెచ్చరిక యా కరపత్రములలో తరచుగా కానవచ్చును. ఏలయన, కదలని యంత్రమును చూచిన బాలునికి మొదట తోచునది స్క్రూ విప్పుటయే. వెండ్రుకకన్న సన్నని యెడముతో నమర్చిన పిస్టను ఒకసారి గీరుకొన్నచో ఇక దానికి మందులేదు.

ఇప్పుడు వైద్యము సంగతి. మంచి వైద్యుడు నాడి చూడక మందీయడు. ఈ యంత్రమునకు చూడవలసిన నాడులు మూడు: రవ్వ, నూనె, బిగువు.

మొదట రవ్వ. ప్లగ్గును ఊడదీసి, తీగ తగిలించియే సిలిండరుపై నానించి, పంఖాను త్రిప్పవలెను. నీలపు రవ్వ కానవచ్చిన మేలు. రానిచో బ్యాటరీ నీరసించియుండవచ్చును. పాయింట్లకు నూనె మకిల పట్టియుండవచ్చును. టంకము సరిగా పట్టక తీగ వదులై యుండవచ్చును. నడవని యంత్రములలో అనేకములకు రోగము యంత్రమున లేదు, తీగలలోనే యున్నది. అనుభవజ్ఞులు నేలమీద నుండగా పెద్ద బ్యాటరీతో నడిపించి, ఎగురునప్పుడు మాత్రమే చిన్న బ్యాటరీని వాడెడివారు.

రెండవది నూనె. మూడుపాళ్లు పెట్రోలునకు ఒకపాలు చిక్కని యంత్రపునూనె కలుపుట వాడుక. ఆ నూనె లేనిచో లోపలి భాగములు రాచుకొని చెడును. పెట్రోలు పారుదలను సూదివంటి మర యొకటి అదుపుచేయును. ప్లగ్గు తడిసి యుండెనా, పెట్రోలు హెచ్చినది. మర మూసి, పంఖా త్రిప్పి లోపల నారనీయవలెను. యంత్రము రెండు మాటలు పలికి యాగిపోయెనా, పెట్రోలు చాలలేదు. మర కొంచెము తెరువవలెను.

మూడవది బిగువు. పంఖాను మెల్లగా త్రిప్పినప్పుడు ఒకచోట వ్రేలికి ఎదురు తగులవలెను. తగులనిచో పిస్టను అరిగినది గాని, ప్లగ్గు వదులైనది గాని కావలెను. ఇవిగాక రవ్వ పడు వేళను మార్చు మీట యొకటి కలదు. మొదలుపెట్టునప్పుడు దానిని వెనుకకు, నడిచిన పిమ్మట ముందునకు జరుపవలెను. మరచినచో పంఖా వెనుకకు తన్ని వ్రేళ్లను పగులగొట్టును.

వీనికన్నిటికి మించిన నియమమొకటి: ఒకమారు ఒకదానినే మార్చవలెను. మూడింటిని ఒక్కసారి మార్చినవానికి, యంత్రము నడిచినను ఏల నడిచెనో తెలియదు. మరునాడది యాగినప్పుడు మరల మొదటికి వచ్చును.

1942 నుండి యుద్ధపు నిబంధనలవలన అమెరికాలో నీ యంత్రముల తయారీ దాదాపుగా నిలిచెను. 1945లో యుద్ధము ముగియగానే కొన్నవారి కోర్కె పొంగెను. ఆ యదను చూచి కొందరు చౌక లోహమును అచ్చుపోసి, కొలతలు సరిచూడక, తపాలా ద్వారా తక్కువ వెలకు విక్రయించిరి. వానిలో పెక్కు ఎంత వైద్యము చేసినను సరిగా నడువలేదు. పాత యంత్రములు సేకరించువారు వానిని ఇనుప చిట్టెమనియే పిలుచుచున్నారు. ఇచ్చట తప్పు బాలునిది గాదు. నాడి మూడును సరిగా నుండియు పలుకనిదానికి కరపత్రమేమి చేయును?

1947లో రే ఆర్డెన్ అనునతడు కొత్తరకపు ప్లగ్గును బజారునకు తెచ్చెను. అందులో ప్లాటినపు తీగ యొకటి కలదు. మొదలుపెట్టునప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దానిని ఎఱ్ఱగా కాల్చినచో చాలును. యంత్రము నడిచిన పిమ్మట బ్యాటరీని తీసివేసినను, లోపలి మంటచేతనే తీగ ఎఱ్ఱగా నిలుచును. దానితో కాయిల్, కండెన్సరు, పాయింట్లు పోయెను. తీగల రోగములును వానితోనే పోయెను. పెట్రోలునకు బదులు మిథైల్ ఆల్కహాలు, అందు మన చేలలో పండు ఆముదము వాడుకలోనికి వచ్చెను. ఆముద మెంత వేడికిని చప్పున జారిపోక లోహమును కాపాడును. మన దీపములకు, తలలకు పనికివచ్చిన నూనె బొమ్మ విమానములకు గూడ ప్రాణాధారమైనది.

ఆర్యులారా, తగవు తీర్పు మీది. నా మనవి యిది. అమ్మినవాడు నడిపి చూచి యీయవలెను, నడుపు విధము చెప్పవలెను, చెడినదానిని తిరిగి పుచ్చుకొనవలెను. కొన్నవాడు విప్పుటకు ముందు చూడవలెను, నిందించుటకు ముందు వరుసగా పరీక్షింపవలెను. ఈ రెండును జరిగిన పిమ్మటనే యంత్రమును దోషియని చెప్పదగును. మీ ఇంట మనుమడు పలుకని వస్తువును చేతబట్టి యేడ్చుచు వచ్చినప్పుడు, వానిని కసరక, క్రొత్తది కొనియీయక, ప్రక్కన కూర్చుండి మొదటి నాడిని చూపుడు. తక్కిన రెండింటిని వాడే కనుగొనును.