ర్యాంకుల కొలబద్దపై అండమాన్

పత్రికలు, సంస్థలు, ప్రభుత్వాలు నగరాలకు, పర్యాటక కేంద్రాలకు ఇచ్చే ర్యాంకులు ప్రచారంతోనే ఆగిపోవు. నిధులు ఎటు వెళ్లాలి, ఏ సమస్య చర్చకు రావాలి అన్నది కూడా కొంతవరకు వాటిపై ఆధారపడుతోంది. అండమాన్ నికోబార్ దీవుల్లో ఇందుకు మూడు రకాల ఉదాహరణలు ఉన్నాయి.

పత్రిక తీర్పు

హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ బీచ్‌గా పేర్కొంది. 2018లో దీవి పేరు స్వరాజ్ ద్వీప్‌గా మారింది. ఆ కితాబు మాత్రం పర్యాటక ప్రచారంలో నేటికీ కొనసాగుతోంది. ఇలాంటి బిరుదుకు కాలపరిమితి గానీ, పునఃపరిశీలన గానీ ఉండవు.

ప్రమాణాల గుర్తింపు

డెన్మార్క్ కేంద్రంగా ఉన్న సంస్థ ఇచ్చే ‘బ్లూ ఫ్లాగ్’ పద్ధతి వేరు. నీటి నాణ్యత, భద్రత, పర్యావరణ నిర్వహణ వంటి 33 ప్రమాణాలను అది పరిశీలిస్తుంది. 2020లో భారత్‌లో ఈ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో రాధానగర్‌తో పాటు విశాఖపట్నంలోని రుషికొండ కూడా ఉంది. నిర్వహణ లోపాల కారణంగా 2025లో రుషికొండ ఈ గుర్తింపును తాత్కాలికంగా కోల్పోయింది. లోపాలను సరిదిద్దిన తర్వాతే అది తిరిగి దక్కింది.

నిధుల కోసం పోటీ

స్మార్ట్ సిటీస్ మిషన్‌లో ఎంపికైన నగరానికి ఏటా సగటున రూ.100 కోట్ల చొప్పున అయిదేళ్లపాటు కేంద్ర సాయం ఇవ్వాలన్నది ప్రణాళిక. 2016 జనవరి నాటి తొలి 20 నగరాల జాబితాలో విశాఖపట్నం, కాకినాడ నిలిచాయి. అందులో చోటు దక్కని పోర్ట్ బ్లెయిర్, వరంగల్ తమ ప్రతిపాదనలను మెరుగుపరచుకుని, అదే ఏడాది మేలో ప్రకటించిన 13 నగరాల జాబితాలో స్థానం పొందాయి.

అంకెకు అందనివి

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 1.08 లక్షలు. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ పట్టణానికి ప్రధాన నీటి వనరు ధానిఖరి జలాశయం. వేసవిలో అందులో మట్టం పడిపోతే కొళాయి నీటికి కోత తప్పదు. చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో అందుబాటులోకి వచ్చేవరకు ఇంటర్నెట్‌కు ఉపగ్రహాలే ఆధారం. ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ద్వీప పట్టణాన్ని ఇతర నగరాలతో ఒకే కొలతతో పోల్చితే ఈ తేడాలు మరుగునపడతాయి.

దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారికైనా, విశాఖ, వరంగల్ వాసులకైనా ర్యాంకు వెలువడినప్పుడు తెలియాల్సిన విషయాలు మూడు: కొలిచింది ఎవరు, దేన్ని కొలిచారు, మళ్లీ ఎప్పుడు కొలుస్తారు.