హోప్‌వెల్ ఓడలో వచ్చిన దాహం

దాహమన్నవాడికి మంచినీళ్ళివ్వకపోతే ఉసురు తగులుతుందని మన పెద్దలు అంటారు కదా! అలాంటి మాటనే మన కెనడాలో, నోవా స్కోషియాలో, ఒక జబ్బుకి కారణంగా తరతరాలు చెప్పుకున్నారు. ఈ వారం ఆ సంగతి చూద్దాం.

పూర్వం ఒక ఇల్లాలు, దాహంతో వచ్చిన దేశదిమ్మరి స్త్రీ కొడుకుకి నీళ్ళు లేవు పొమ్మందట. నీ కొడుకులు నీళ్ళకి అలమటిస్తారని, నీ కూతుళ్ళు ఈ శాపాన్ని ముందు తరాలకి మోస్తారని ఆమె శపించిందట. కథ ఎలా ఉన్నా, ఆ కుటుంబాల్లో జరిగింది మాత్రం అదే. మగపిల్లలు రోజంతా నీళ్ళు తాగేవారు, తాగినదంతా మూత్రంగా పోయేది. దాహమని చెప్పలేని పసివాళ్ళకి జ్వరం, వాంతులు వచ్చేవి. నీళ్ళు చాలక కొందరికి మెదడు దెబ్బతినేది, కొందరి ప్రాణమే పోయేది.

ఇది చక్కెరజబ్బు కాదు. వేసోప్రెసిన్ అనే హార్మోను మన మూత్రపిండాలకి నీళ్ళు పొదుపు చెయ్యమని కబురు పంపుతుంది. ఈ జబ్బులో కబురు వస్తుంది, మూత్రపిండం వినిపించుకోదు.

ఆ కబురు సంగతి చాలావరకు తేలింది గోదురుకప్ప మూత్రాశయంలో! కప్ప అందులో నీళ్ళు దాచుకుని, ఎండవేళ తిరిగి ఒంట్లోకి తీసుకుంటుంది. ఆ పల్చటి సంచిని నీళ్ళతో నింపి, ఉప్పునీళ్ళలో వేలాడదీస్తే నీరు పెద్దగా కదలదు. బయటివైపు హార్మోను కలిపితే నీరు గబగబా బయటికొచ్చి సంచి తేలికవుతుంది. 1958లో పీటర్ బెంట్లీ దీన్ని తూకం వేసి చూపించారు. తర్వాత కొద్ది ఏళ్ళకే ఓర్లాఫ్, హ్యాండ్లర్ అనే శాస్త్రజ్ఞులు హార్మోనుకి బదులు సైక్లిక్ ఏఎంపీ కలిపినా అంతే జరుగుతుందని గమనించారు. అంటే హార్మోను తలుపు తడితే, లోపల ఆ కబురు అందుకునేది ఇదన్నమాట. మానసిక వ్యాధికిచ్చే లిథియం ఈ కబురుని అడ్డుకుంటుందని 1970లలో తెలిసింది. ఆ మందు వాడేవారిలో కొందరికి అతిదాహం అందుకే. అలాగని మందు సొంతంగా మానెయ్యకండి, డాక్టరుకి చెప్పండి. నీరు వెళ్ళే దారుల్ని, అంటే ఆక్వాపోరిన్‌లని, కనిపెట్టిన పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

మళ్ళీ నోవా స్కోషియాకి వద్దాం. ఉత్తర అమెరికాలో ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమంది, 1761లో హోప్‌వెల్ ఓడలో హాలిఫాక్స్‌కి వచ్చిన అల్స్టర్ స్కాట్ల సంతతి అని 1969లో బోడె, క్రాఫర్డ్ అన్నారు. 1993లో మాంట్రియల్‌కి చెందిన డేనియల్ బిషే బృందం జన్యువులు పరీక్షించింది. ఆ కుటుంబాల్లో వేసోప్రెసిన్ తట్టే తలుపు తాలూకు జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. మా సాఫ్ట్‌వేరు వాళ్ళ భాషలో చెప్పాలంటే, మధ్యలో "ఆగు" అన్న ఆదేశం పడి ప్రోగ్రాము అక్కడే ఆగిపోయింది. అయితే యూటా, క్యుబెక్ కుటుంబాల్లో మార్పులు వేరు. వాళ్ళు ఆ ఓడ బంధువులు కారు.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. అందుకే మార్పు మోసే తల్లికి సాధారణంగా జబ్బు కనబడదు, పుట్టే ప్రతి కొడుకుకీ మాత్రం రావడానికి సగానికి సగం అవకాశం. శాపం కథలో వంశక్రమం సరిగానే పట్టుకున్నారు, నింద మాత్రం ఇల్లాలి మీద వేశారు. ఇప్పుడు అలాంటి కుటుంబంలో బిడ్డ పుట్టగానే పరీక్ష చేసి, మొదటిరోజునుంచే నీళ్ళు సరిపడా పట్టి, మందులిచ్చి మెదడుని కాపాడవచ్చు.

మన ఇళ్ళల్లోనూ బిడ్డకి ఏదైనా జబ్బొస్తే "తల్లివైపు దోషం" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. అక్షరం మారడం ఎవరి తప్పూ కాదు. ఆ మాట అనే ముందు బిడ్డకి నీళ్ళు పట్టి, డాక్టరు దగ్గరికి తీసుకెళదాం.